ధాతురక్ష

సంస్కృతము నేర్చు విద్యార్థిని తొలిదినములలో తికమక పెట్టు పదములలో ధాతువు అనునది యొకటి. వ్యాకరణమున ధాతువనగా క్రియకు మూలమైన రూపము. వైద్యశాస్త్రమున రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము అను నేడును ధాతువులు. ఖనిజముల ప్రసంగమున బంగారము, వెండి, రాగి, ఇనుము మొదలగునవి ధాతువులు. నిలుపునది, ధరించునది యను నర్థమే వీని కన్నింటికిని మూలము. దేహమును రక్తమాంసాదులు నిలుపును. లోకవ్యవహారమును లోహములు నిలుపును. కావున రెంటికి నొకే పేరు చెల్లినది.

చల్లపల్లిలో నేనీ పదమును పిల్లలకు వివరించుచుండగా ఒకనాడొక బాలుడు లేచి, "మాస్టారూ, మా నాన్న బందరులో గిల్టు నగలకు పూత పెడతాడండి. మరి ఆయన కాపాడేది ఏ ధాతువునండీ?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. లోహధాతువునే యని చెప్పి నేను పాఠమును ముగించితిని. తరువాత కొన్ని దినము లాతడు బడికి రాలేదు. వచ్చిన పిదప విచారింపగా, తండ్రికి ఆయాసమును కాళ్ల వాపును హెచ్చుటచే ఆసుపత్రికి తీసికొనిపోయిరనియు, అక్కడివారు మందులు వ్రాసి యిచ్చిరనియు చెప్పెను. "ఏం పని చేస్తావని నాన్నని అడిగారా?" అంటిని. "లేదండి" అనెను.

ఆ తండ్రి జబ్బునకు వృత్తియే కారణమని చెప్పుటకు నేను వైద్యుడను గాను. కాని యడుగవలసిన ప్రశ్న యడుగబడలేదను విషయము నన్ను చాల దినములు వదలలేదు. చరిత్ర పుస్తకములు తిరుగవేయగా, ఆ ప్రశ్నకు మూడువందల యేండ్లకు పైబడిన చరిత్ర కలదనియు, అందులో లోహములకు మెఱుగు పెట్టువారి పాలు మిక్కిలి పెద్దదనియు తెలిసినది. ఆ కథనే యిచ్చట మనవి చేయుచున్నాను.

బందరు నానుకొనియున్న చిలకలపూడి పేరు వినని తెలుగు గృహిణి యరుదు. ఆ యూరు పాండురంగస్వామి యాలయమువలన నెంత ప్రసిద్ధమో, రోల్డుగోల్డు నగలవలన నంత ప్రసిద్ధము. రాగితోగాని యిత్తడితోగాని నగను మలచి, దానిపై బంగారపు పొరను నిలుపుటయే అక్కడి వృత్తి. పలుచని బంగారు రేకును అడుగులోహముపై వేడిమితోను ఒత్తిడితోను అతికించి, రెంటిని కలిపి సాగదీయుట పాతపద్ధతి. రోల్డుగోల్డను పేరు దానినుండియే వచ్చినది. విద్యుత్తు సాయమున పూత వేయుట నేటి పద్ధతి. తీగె లాగువారు, అచ్చు కొట్టువారు, టంకము వేసి యతుకువారు, రాళ్లు పొదుగువారు, మెఱుగు పెట్టువారు, పూత వేయువారు, ఇట్లు ఒక్క నగ పలువురి చేతులు మారును. ఈ పనులలో పెక్కులు ఇండ్లలోనే, వసారాలలోనే జరుగును. వంటయింటి పొయ్యికిని పనివాని కుంపటికిని నడుమ ఒక్కొక్కచోట గోడ యొక్కటే యడ్డము. బంగారము కొనజాలని ఇంటి ఆడపిల్ల మెడలో నాలుగు గొలుసులు మెఱయుచున్నవన్న, అది యీ చేతుల చలువయే.

లోహమునకు పూత యేల? బంగారము గాలికిని నీటికిని చెడదు. ఇత్తడి, రాగియు జింకును కలిసిన మిశ్రలోహమగుటచే, గాలితోను తేమతోను ఉప్పుతోను కలిసి చిలుము పట్టును. మన దివిసీమలో నీ విషయమును వేఱుగ చెప్పనక్కఱలేదు. నాగాయలంకనుండి హంసలదీవివఱకు ఉప్పుగాలి తగులని కిటికీ చువ్వ లేదు, తుప్పు పట్టని మేకు లేదు. చెమటలోను ఆ యుప్పే కలదు. కావున నగను కాపాడవలెనన్నచో చెడని లోహముతో చెడు లోహమును కప్పవలెను.

అయితే ఇందొక చిక్కు కలదు. గిల్టునగపై నుండు బంగారపు పొర సాధారణముగా తలవెండ్రుక మందమున నూఱవ వంతైనను ఉండదు. అట్టి పొరలో కంటి కగపడని రంధ్రము లుండును. ఉత్తమలోహమును తాకియున్న అధమలోహము, తడి తగిలినప్పుడు, ఒంటరిగా నున్నదానికంటె త్వరగా చెడునని రసాయనశాస్త్రము చెప్పుచున్నది. రెండు లోహములును నడుమనున్న ఉప్పునీరును కలిసి చిన్న విద్యుద్ఘటమగును. అందు క్షయించునది యెల్లప్పుడును అధమలోహమే. అందుచేత పైని బంగారము మెఱయుచుండగనే లోని యిత్తడి సూదిమొనంత రంధ్రముగుండ తినివేయబడుచుండును. ఒకనాడు నల్లని మచ్చ పైకి తేలువఱకు చెడుట మనకు తెలియదు. దీర్ఘరోగముల నడకయు నిట్టిదే. మూత్రపిండము సగము చెడువఱకు మనుష్యుడు తాను ఆరోగ్యవంతుడననియే యనుకొనుచు పని చేసికొనుచుండును.

ఈ శాస్త్రవిషయమునే తలక్రిందులు చేసి లోహమును రక్షించు నుపాయమును 1824 సంవత్సరమున ఇంగ్లండులో హంఫ్రీ డేవీ కనిపెట్టెను. ఓడల అడుగున తాపిన రాగిరేకులను సముద్రపునీరు తినివేయుచుండగా, ఆయన వానికి జింకు ముక్కలనో ఇనుప ముక్కలనో జతచేసెను. ఆ ముక్కలు తాము క్షయించుచు రాగిని కాపాడినవి. కాని రాగి కరగుట మానుటచే, ఆ రాగివిషమునకు భయపడి దూరముగ నుండు నత్తలును నాచును ఓడలకు పట్టుకొని వాని వేగమును తగ్గించినవి. ఒకచోట హానిని తప్పించినచో అది మఱియొకచోట తేలుననుటకు ఇది చక్కని నిదర్శనము. 1837 లో ఫ్రాన్సు దేశపు సొరేల్ ఇనుమునకు జింకు పూత వేయు పద్ధతికి హక్కు పొందెను. మన ఇండ్లపై కప్పు తెల్లరేకులు దాని సంతతియే. ఒకటి నిలుచుటకై మఱియొకటి క్షయించు నీ పద్ధతిలో జింకును బలిలోహమనవచ్చును. లోహము బలియైనచో బాధ లేదు. లోహమును రక్షించుటకై మనుష్యుడు బలియైన చరిత్ర వేఱొకటి కలదు.

విద్యుత్తు రాకపూర్వము బంగారపు పూతకు సాధనము పాదరసము. బంగారమును పాదరసమున కలిపినచో వెన్నవంటి ముద్ద యగును. దానిని రాగిపైని ఇత్తడిపైని పూసి నిప్పులపై కాచినచో పాదరసము ఆవిరియై పోవును, బంగారము మిగిలి లోహమును పట్టుకొనును. మన దేశపు శిల్పులును, నేపాళ శిల్పులును, ఐరోపా శిల్పులును ఎఱిగిన పద్ధతి యిది. దీనివలన పట్టిన పూత గట్టిది, శతాబ్దములు నిలుచును. కాని యావిరియై పోయిన పాదరసము ఎచ్చటికి పోయినది? కొలిమిపై వంగియున్న పనివాని ఊపిరిలోనికి పోయినది. చేతులు వణకుట, చిగుళ్లు వాచి పండ్లు కదలుట, నోట చొంగ కారుట, మతి చలించుట, ఇవి యాతనికి దక్కిన ఫలములు.

ఈ హాని ప్రాచీనుల కెఱుకయే. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమకుడైన ప్లినీ, పాదరసపు ఖనిజమైన ఇంగిలీకమును నూఱువారు పొడి పీల్చకుండుటకై జంతువుల మూత్రకోశపు పొరను ముఖమునకు కట్టుకొనెడివారని వ్రాసియున్నాడు. 1473 లో ఆగ్స్‌బర్గు నగర వైద్యుడైన ఉల్రిక్ ఎల్లెన్‌బోగ్ అక్కడి కంసాలులకొఱకు విషధూమములనుగూర్చి చిన్న పుస్తకమొకటి వ్రాసెను. అది 1524 లో అచ్చుపడెను. తెలిసియుండుట వేఱు, మానుట వేఱు. పందొమ్మిదవ శతాబ్దమున రష్యా దేశమున సెంటుపీటర్సుబర్గులో సెంటు ఐజాక్ దేవాలయపు గోపురమునకు ఈ పద్ధతిచేతనే బంగారము పూసిరి. ఆ పనిలో పాదరసపు టావిరివలన అరువది మంది మరణించిరని చెప్పుదురు. గోపుర మింకను మెఱయుచున్నది. చూడబోవువారు దాని యెత్తును, బంగారపు తూకమును అడుగుదురు.

ఈ చరిత్రలో మొదటి మలుపు ఇటలీ దేశపు వైద్యుడైన బెర్నార్డినో రామజ్జినీవలన వచ్చినది. మోడెనా నగరమున ఆయన యింట మరుగుదొడ్డి గుంటను శుభ్రపఱచుటకు వచ్చిన పనివాడొకడు మిక్కిలి తొందరగా పని చేయుచుండెను. అంత తొందర యేల యని ఆయన అడుగగా, ఈ గుంటలో ఎక్కువసేపున్నచో కన్నులు మండి చూపు పోవునని వాడు బదులు చెప్పెను. ఎందఱో పండితులు దాటిపోయిన యా మాటను రామజ్జినీ దాటిపోలేదు. నాటినుండి ఆయన కుమ్మరుల, గాజుపనివారి, వడ్రంగుల, చాకలివారి, గనిపనివారి దుకాణములకును గుడిసెలకును పోయి వారివారి జబ్బుల నడిగి వ్రాసికొనెను. పనివారి వ్యాధులనుగూర్చి ఆయన లాటినులో వ్రాసిన గ్రంథము 1700 సంవత్సరమున మోడెనాలో వెలువడెను. 1713 లో పెంపు చేయబడెను. బంగారపు పూత వేయువారినిగూర్చి అందొక ప్రకరణము కలదు. వారిలో ముసలితనమును చూచువారు మిక్కిలి కొలదిమంది యనియు, బ్రదికినవారును చావును కోరుకొను స్థితిలో నుందురనియు ఆయన వ్రాసెను.

మన వైద్యశాస్త్రమున దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని రోగపరీక్ష మూడు విధములు. గ్రీకు వైద్యులును రోగి నడుగవలసిన ప్రశ్నలను వరుసగా చెప్పియున్నారు. రామజ్జినీ ఆ వరుసకు ఒక ప్రశ్నను చేర్చెను: నీ వృత్తి యేమి? ఇంత చిన్న ప్రశ్న యొక శాస్త్రమునకు పునాది యైనది. దీనికి యంత్రము లక్కఱలేదు, ధనమక్కఱలేదు. అడుగువానికి రోగి యింటి వాకిలి తెలిసికొను నోపిక మాత్రము కావలెను.

రెండవ మలుపు పారిసు నగరమున వచ్చినది. ఆంద్రే ఆంత్వాన్ రావ్రియో అనునాతడు కంచు విగ్రహములను, గడియారపు పెట్టెలను చేయించి బంగారము పూయించి అమ్ము వర్తకుడు. రాజగృహములకు సామాను లిచ్చినవాడు. తన పనివారి చేతులు వణకుటను ఆతడు కన్నులార చూచినవాడు. 1814 లో మరణించుటకు ముందు, పూతపనివారిని పాదరసమునుండి కాపాడు నుపాయమును కనిపెట్టిన వారికి బహుమానముగా నీయవలెనని మూడువేల ఫ్రాంకులను మరణశాసనమున వ్రాసి యుంచెను. 1818 లో దార్సే యను రసాయనశాస్త్రజ్ఞుడు దానిని గెలుచుకొనెను. ఆయన చూపిన యుపాయము మాయ కాదు, మంత్రము కాదు. కొలిమిపై గూడు కట్టి, పొగగొట్టము నమర్చి, గొట్టమున గాలి పైకి లాగబడునట్లు వేఱొక చిన్న నిప్పును ఉంచుటయే. వేడిగాలి పైకి పోవుచు పాదరసపు టావిరిని తనతో తీసికొనిపోవును. పనివాడు గాజు పలక వెనుకనుండి పని చేయును. లాభము తీసిన చేతితోనే రావ్రియో ఋణమును తీర్చదలచెను. ఇట్టివారు చరిత్రలో పెక్కండ్రు కనబడరు గాన ఆతని పేరు తలచుకొనదగినది.

మూడవ మలుపు విద్యుత్తు. వోల్టా నిర్మించిన విద్యుద్ఘటమాల సాయమున ఇటలీలోని పావియా నగరపు బ్రుగ్నతెల్లి 1805 లో వెండిపై బంగారము పూసి చూపెను. కాని పూత అంటుకొని నిలుచుటకు తగిన ద్రావకము చాలకాలము దొరకలేదు. బర్మింగుహాములో జాన్ రైట్ అను శస్త్రవైద్యుడు పొటాసియము సయనైడు ద్రావకమున బంగారమును కరగించి పూసినచో అది చక్కగ పట్టుననియు, మందముగా పేరుననియు కనుగొనెను. ఎల్కింగుటను సోదరవర్గము వారు 1840 లో దానితో హక్కుపత్రమును పొందిరి. పాదరసము లేని పూత వచ్చినది. ప్రాణహాని గల వృత్తులను సుకరము చేసినవారికై ఏర్పడిన మోంత్యోన్ బహుమానమును ఫ్రాన్సు శాస్త్రపరిషత్తు 1842 లో ఈ విద్యుత్పూతను సాధించినవారికి పంచి యిచ్చెను.

ఇది నిజముగా గొప్ప మేలు. దానిని తక్కువ చేయరాదు. అయినను డేవీగారి యోడ కథ ఇచ్చటను జరిగినది. పాదరసము వెడలిన ద్వారముననే సయనైడు ప్రవేశించెను. ఆ ద్రావకములో ఆమ్లము కలిసెనా, ప్రాణాంతకమైన వాయువు పుట్టును. పూతకు ముందు నగను ఆమ్లముతో కడుగుట తప్పదు గనుక, ఈ రెండు తొట్లును పనిచోట పక్కపక్కనే యుండును. ఇది క్షణములో జరుగు ప్రమాదము. నెమ్మదిగా జరుగు హానియు కలదు. 1975 లో ఈజిప్టు దేశమున మూడు విద్యుత్పూత కర్మాగారములలోని 36 మంది పనివారిని పరీక్షించిన వైద్యులు, అందు 20 మందికి గొంతులోని థైరాయిడు గ్రంథి పెరిగియున్నట్లు ప్రకటించిరి. శరీరమున చేరిన కొలది సయనైడును దేహము థయోసయనేటుగా మార్చుకొనును; అది గ్రంథికి అయొడిను చేరకుండ అడ్డుపడును. తలనొప్పి, నీరసము, రుచి మాఱుట మొదలగు వానిని ఆ పనివారు చెప్పుకొనిరి. ఇట్టివానికి మన యిండ్లలో వేడి చేసినదనియో, ఎండ తగిలినదనియో పేరు పెట్టుదుము.

ఇక కాడ్మియము సంగతి. ఈ పేరు తెలియదని చదువరులు తలపవచ్చును. కాని "కేడీయం నగ" యనగానే ప్రతి గృహిణికిని తెలియును. ఆ పేరులోని యక్షరములు కాడ్మియము నుండి వచ్చినవే. బంగారు నగ ముక్కలను అతుకుటకు టంకము కావలెను. పూర్వపు టంకములో రాగియు వెండియు చేరుటచే, కరగించి చూచినప్పుడు నగ వన్నె తగ్గుచుండెను. నూటికి 92 పాళ్లు బంగారమును 8 పాళ్లు కాడ్మియమును గల టంకము వచ్చిన పిదప ఆ తరుగు తగ్గెను. ఏలయన, కాడ్మియము తక్కువ వేడిమికే కరగి, ఊదుగొట్టపు మంటకు ఆవిరియై పోవును. కొనువారు దీనిని మెచ్చుకొనిరి. నగలో మలినము మిగులలేదు గదా యని సంతసించిరి. నగనుండి పోయిన యా కాడ్మియము ఎవరిలో మిగిలెనో మాత్రము ఎవ్వరు నడుగలేదు. పాదరసపు కథయే మఱల జరిగెను. గిల్టుపనిలో వాడు వెండి టంకములలోను కాడ్మియము కలిపినవి కలవు.

కాడ్మియమును 1817 లో జర్మనీ దేశపు స్ట్రోమయర్ జింకు ఖనిజములో కనుగొనెను. ఉక్కునకు తుప్పు పట్టకుండ పూయుటకును అది పేరుపొందినది. అది మనుష్యుని దేహమున చేయు పనిని స్వీడను దేశపు లార్సు ఫ్రీబెర్గు 1950 లో ప్రకటించెను. నికెలు కాడ్మియము విద్యుద్ఘటములు చేయు కర్మాగారమున చాలయేండ్లు పని చేసినవారిని ఆయన పరీక్షించి, వారి మూత్రమున మాంసకృత్తులు పోవుచుండుటను, ఊపిరితిత్తులు సాగి బలహీనపడుటను చూపెను. దేహమున చేరిన కాడ్మియము మూత్రపిండములలో కాపురము పెట్టును. అందు సగము వెడలిపోవుటకు 10 మొదలు 30 సంవత్సరములు పట్టును. పని మానివేసిన పిదపను అది తన పనిని మానదు. జపాను దేశమున జింజూ నది తీరమున గని నీటితో కలిసి వచ్చిన కాడ్మియము వరిపైరులో చేరి, ఆ యన్నము తిన్నవారిని, అందును పలుమాఱు ప్రసవించిన స్త్రీలను, ఎముకలు విఱిగి కదలలేని స్థితికి తెచ్చెను. వారి మూలుగే జబ్బునకు పేరైనది. ఇతాయి ఇతాయి యనగా నొప్పి నొప్పి యని యర్థము. 1968 లో జపాను ప్రభుత్వము దానికి కాడ్మియమే కారణమని యంగీకరించెను. 1993 లో అంతర్జాతీయ కర్కటరోగ పరిశోధన సంస్థ కాడ్మియమును మనుష్యులకు కర్కటరోగము కలిగించు ద్రవ్యముల మొదటి వర్గమున చేర్చెను.

ఇచ్చట మన మొక సంగతిని గమనింపవలెను. కలరా వచ్చినచో ఊరంతయు ఒక్కమాఱే తెలిసికొనును. తేలు కుట్టినచో కుట్టినచోటు తెలియును. వృత్తివలన కలుగు దీర్ఘరోగము అట్లు కాదు. హేతువునకును ఫలమునకును నడుమ ఇరువది యేండ్లుండును. అప్పటికి పనివాడు పాతపనిని మాని యుండవచ్చును, యజమాని మాఱియుండవచ్చును, టంకమును అమ్మిన దుకాణము మూతపడి యుండవచ్చును. రోగికి మిగులునది రోగమును, దానికి తోడు తలవ్రాత యను మాటయును. తలవ్రాత యనుకొన్న దానిని వెదకువారుండరు. ఈ యొక్క మాటవలన మన దేశమున పాతిపెట్టబడిన హేతువులు ఎన్నియో!

చట్టము లేదాయని యడుగవచ్చును. కలదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వృత్తివ్యాధుల పట్టికను చేర్చి, పాదరసపు విషమును, క్రోమియపు పుండ్లను వైద్యులు ప్రభుత్వమునకు తెలుపవలెనని విధించెను. కాని విద్యుచ్ఛక్తితో పని చేయుచోట పదిమందియు, అది లేనిచోట ఇరువదిమందియు ఉన్నగాని అది ఫ్యాక్టరీ కాదు. పార్లమెంటు 2020 లో అంగీకరించిన కొత్త స్మృతి ఆ సంఖ్యలను ఇరువదికిని నలువదికిని పెంచెను. భార్యయు భర్తయు, ఎదిగిన కొడుకును, పక్కింటి పిల్లవాడును కలిసి పని చేయు వసారా ఆ లెక్కకు అప్పుడును అందలేదు, ఇప్పుడును అందదు. చట్టము కర్మాగారపు గేటువద్ద నిలుచును. కుంపటి పొగ మాత్రము పడకటింటివఱకు పోవును.

ధరించువారి సంగతి వేఱు. 2010 లో అమెరికాలో పిల్లల చవుకనగలలో కాడ్మియము కనబడగానే గగ్గోలు పుట్టి, సరుకులను అంగళ్లనుండి వెనుకకు తీసికొనిరి. 2011 లో ఐరోపా సమాఖ్య నగలలో కాడ్మియము నూటికి 0.01 వంతునకు మించరాదని శాసించెను. ఇది మంచిదే. మన దేశమున 2000 సంవత్సరమున బంగారపు నగలకు హాల్‌మార్కు ముద్ర ప్రారంభమై, 2021 నుండి పెక్కు జిల్లాలలో తప్పనిసరి యయ్యెను. ఇదియు మంచిదే. కాని ఆ ముద్ర చెప్పునది నగలోని బంగారమెంత యనియే. నగను చేసినవాడు ఏమి పీల్చెనో చెప్పు ముద్ర లేదు.

నిరాశతో ముగించుట నా యుద్దేశము కాదు. ఏలయన ఈ చరిత్ర నిరాశ చరిత్ర కాదు. పాదరసము పోదనుకొనిరి; పోయినది. పాదరసమును లోకవ్యవహారమునుండి తగ్గించుటకై 2013 లో జపానులో కుదిరిన మినమాటా ఒడంబడికను మన దేశము 2018 లో ధ్రువపఱచెను. కాడ్మియము లేని టంకములు, జింకుతోను ఇండియముతోను చేసినవి, నేడు దొరకుచున్నవి. సయనైడునకు మాఱుగా సల్ఫైటు ద్రావకమున బంగారమును పూయు పద్ధతి కలదు. ఉక్కుపై క్రోమియము పూయుటలో కర్కటరోగమును కలిగించు ఆఱవ సంయోజకతగల రూపమును విడిచి, మూడవ సంయోజకతగల రూపమును వాడుటకు పరిశోధకులు పాటుపడుచున్నారు. ఇవి ఖరీదైనవి, చిన్న పనివారికి అందవని చెప్పుదురు. అందినంతవఱకు అందింపవలసినది సహకార సంఘములును ప్రభుత్వమును. కాని 1818 నాటి దార్సే పొగగొట్టమునకు ఎంత ఖర్చు? కుంపటిపై గూడు, పైకి లాగు గొట్టము, ఎదురుగా తెఱచిన కిటికీ. పూతతొట్టిని ఆమ్లపుతొట్టికి దూరముగ నుంచుటకు ఎంత ఖర్చు? పనిచోట అన్నము తినకుండుటకును, పసిపిల్లలను అచ్చట పరుండబెట్టకుండుటకును ఎంత ఖర్చు? ఏటి కొకసారి మూత్రపరీక్ష చేయించుట యొక జత గాజుల వెలకు మించదు.

వీని యన్నింటికంటె చవుకైనది రామజ్జినీ ప్రశ్న. బందరులోగాని, గుడివాడలోగాని, అవనిగడ్డలోగాని ఆయాసమని వచ్చిన రోగిని ప్రతి వైద్యుడును పేరు, వయస్సు అడిగిన పిదప వృత్తి యేమని యడిగి చీటిపై వ్రాసినచో, పదియేండ్లలో మనకొక గ్రంథము తయారగును. ఏ వీధిలో ఏ పనివలన ఏ రోగము హెచ్చుచున్నదో ఆ చీట్లే చెప్పును. గృహిణులును తమవంతు చేయవచ్చును. నగ కొనునప్పుడు ఎన్నాళ్లు నల్లబడకుండునని యడుగుదురు. దేనితో అతికితిరి, ఎక్కడ పూసితిరి యని కూడ అడుగవచ్చును. అడుగువారు పదిమందియైనచో అంగడివాడును అడుగును. అంగడివాడు అడిగినచో పని చేయించువాడు వినును. ఇట్లడిగినచో పనివారి జీవనోపాధి పోవునని కొందఱు భయపడుదురు. రావ్రియో చచ్చిపోవుచు వ్రాసిన శాసనమువలన పారిసు కంచుపని చెడలేదు; అది మఱింత పేరు పొందినది.

ఆ బాలుడు ఇప్పుడు పైతరగతికి పోయినాడు. తండ్రి పూతపని మాని ఇంటివద్దనే యున్నాడని చెప్పినాడు. ఈ యేడు ధాతుపాఠము వచ్చినప్పుడు నేను పిల్లలకు మూడర్థములును చెప్పి, ఒకదానిని కాపాడుటకై మఱియొకదానిని పోగొట్టుకొనరాదని కూడ చెప్పితిని. ఆనాడు నన్నా బాలుడు అడిగిన ప్రశ్నకు సగమే బదులు చెప్పి పాఠము ముగించితిని. మిగిలిన సగమును ఇచ్చట వ్రాసితిని.